రెండు వేళ్ల సందు

మా అల్లుడు విక్రాంత్‌కు గాలి పిచ్చి. మిగతా అన్నిట్లో మంచివాడు. కార్ల కంపెనీలో ఇంజనీరు, నా కూతురు ఈషాను పల్లెత్తు మాట అనడు, తిన్న కంచం తనే కడుగుతాడు. కానీ ఇంట్లో హీటర్ నడుస్తుండగానే కిటికీలు బార్లా తెరుస్తాడు. డిసెంబర్‌లో నేను జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో దిగిన రోజు నుంచీ చూస్తున్నాను. బయట మంచు కురుస్తున్నా సరే, పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు తెరిచిపెట్టి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడతాడు. "లుఫ్టెన్ చేస్తున్న అత్తమ్మా" అంటాడు. అలా చేయకపోతే గోడలకు బూజు పడుతుందని ఇంటాయన కిరాయి కాగితంలోనే రాయించుకున్నాడట. ఈ లుఫ్టెన్ ఏ దేవుడి మొక్కో నాకు తెలియదు, నేను అడగనూ లేదు. అతను కిటికీ తెరిచినప్పుడల్లా శాలువ కప్పుకుని వంటింట్లోకి పోయేదాన్ని. అతను ఆఫీసుకు వెళ్లగానే అన్నీ మూసేసేదాన్ని.

నా గురించి ఒక మాట చెప్పాలి. హన్మకొండ చౌరస్తాలో ఇరవై ఎనిమిదేళ్లు టిఫిన్ సెంటర్ నడిపాను. తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తే పదింటి దాకా ఆవిరిలోనే బతుకు. ఎవరికి జలుబు చేసినా నాకు తెలిసిన మందు ఆవిరే. ఈషా చిన్నప్పుడు ముక్కు కారితే ఇడ్లీ పాత్ర పక్కన కూర్చోబెట్టేదాన్ని, గంటలో తేటపడేది. ఆవిరి సంగతి నాకొకరు చెప్పాల్సిన పని లేదనుకునేదాన్ని. ఆ అనుకోవడమే నన్ను ముంచింది.

ఫిబ్రవరిలో ఫాషింగ్ పండుగకని నా మనవరాలు సహస్ర పోయే కీటా, అంటే ఇక్కడి బాలవాడి, నాలుగు రోజులు మూసేశారు. విక్రాంత్ ఆ ఏడాదే ఒక పాత క్యాంపర్ బండి కొన్నాడు. లోపల చిన్న వంటగట్టు, కింద ఒక పడక ఉంటాయి. కప్పును పైకి లేపితే మేడ మీద గదిలాగా ఇంకో పడక. లేచిన కప్పుకూ బండికీ మధ్య నాలుగు వైపులా గోడలు ఉండవు, మందపాటి గుడ్డే. ఆ గుడ్డకు జిప్‌లున్న చిన్న చిన్న కిటికీలు. ఆల్ప్స్ కొండల కింద ఒక చెరువు గట్టున, చలికాలంలో కూడా తెరిచి ఉంచే క్యాంపింగ్ స్థలానికి మమ్మల్ని తీసుకెళ్లాడు. మంచులో జనం హాయిగా ఇంట్లో కూర్చోక గుడ్డ గోడల మధ్య పడుకోవడం ఏం సరదానో నాకు అర్థం కాలేదు. నాలుగేళ్ల సహస్ర మాత్రం మంచులో కోడిపిల్లలా తిరిగింది.

అక్కడ కూడా విక్రాంత్ గాలి గోల మానలేదు, ఇంకా ఎక్కువైంది. గోడకు ఒక మీటర్ తగిలించాడు, తేమ ఎంతుందో చెప్పేది. అరవై దాటకూడదట. తడి సాక్సులు లోపల ఆరేయకూడదు, మూత లేకుండా ఏదీ ఉడికించకూడదు, అద్దాల మీద చెమ్మ కనిపిస్తే వెంటనే తుడిచి గుడ్డను బయట పిండాలి. పడుకునేటప్పుడు గుడ్డ కిటికీ జిప్‌ను రెండు వేళ్ల సందు తెరిచే ఉంచాలి, పక్క అద్దం కూడా అంతే. తలుపు పక్కన కింద జల్లెడలాంటి రంధ్రం ఒకటుంది, దానికి ఏదీ అడ్డం పెట్టకూడదు. డీజిల్ హీటర్ మాత్రం రాత్రంతా నడుస్తుంది.

"ఒకదిక్కు వేడి చేసుడు, ఒకదిక్కు చల్లగాలి తోలుడు. గిదేం ఇంజనీరు చదువు బాబూ?" అని అడిగేశాను.

అతను నవ్వాడు. "అత్తమ్మా, నలుగురం రాత్రంతా ఊపిరి వదిలితేనే లీటరు నీళ్లకు తక్కువ గావు. అవి యాడికి పోతయి? సందు లేకపోతే పోయి ఆ పై గుడ్డకు పడతయి. బయట మైనస్ పది. గుడ్డ తడిసి గడ్డకడితే మడత పడది. మడత పడకపోతే కప్పు దిగది. కప్పు దిగకపోతే మనం ఈడికెల్లి కదలలేం."

"ఊపిరి గూడ లెక్కనేనా మీకు?" అన్నాను. "అమ్మా, జర ఊకో" అంది ఈషా.

రెండో రోజు సాయంత్రానికి సహస్ర ముక్కు కారడం మొదలైంది. గొంతు కొంచెం బొంగురుపోయింది. నేను వెంటనే రైస్ కుక్కర్‌లో నీళ్లు పోసి ఆవిరి పట్టిస్తానన్నాను. విక్రాంత్ వద్దన్నాడు. "లోపల ఆవిరి వద్దే వద్దు అత్తమ్మా, రేపు ఇంటికి పోతున్నం గద, ఇంట్ల పట్టుండ్రి." నాకు ఒళ్లు మండింది. పిల్ల కంటే బండి గుడ్డ ఎక్కువైందా అనుకున్నాను. పైకి ఏమీ అనలేదు. అల్లుడు కదా.

తొమ్మిదిన్నరకల్లా ఈషా, విక్రాంత్ పైకి ఎక్కి పడుకున్నారు. కింద నేనూ సహస్రా. కాసేపటికి చూద్దును కదా, అద్దం సందులోంచి చల్లగాలి సన్నగా వచ్చి నేరుగా పిల్ల చెవికి కొడుతోంది. జలుబు చేసిన పిల్లకు చెవిలో గాలి! మెల్లగా లేచి అద్దం మూశాను. సీటు మీదికెక్కి, పైన వాళ్ల కాళ్ల దగ్గరున్న జిప్‌ను చప్పుడు కాకుండా చివరిదాకా లాగాను. తలుపు పక్క రంధ్రంలోంచి కూడా గాలి తగులుతోంది. నా ఆకుపచ్చ శాలువను ఉండగా చుట్టి దానికి కుక్కాను. పది నిమిషాల్లో లోపల వెచ్చగా అయింది. ఇప్పుడిది మనుషులు పడుకునే చోటులా ఉంది అనుకుని, పిల్లను దగ్గరికి తీసుకుని హాయిగా నిద్రపోయాను.

తెల్లవారుజామున అయిదున్నరకు దగ్గుకు మెలకువ వచ్చింది. మామూలు దగ్గు కాదు. కుక్క మొరిగినట్టుంది. లేచి చిన్న లైటు వేశాను. సహస్ర కూర్చుని ఉంది, కళ్లు పెద్దవి చేసుకుని నన్ను చూస్తోంది. "అమ్మమ్మా" అనబోయింది, గొంతు రాలేదు. నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. రాత్రే ఆవిరి పట్టనిచ్చి ఉంటే ఇంత దాకా వచ్చేదా? వాళ్లను లేపకుండానే రైస్ కుక్కర్‌లో నీళ్లు పోసి, నేను హన్మకొండ నుంచి తెచ్చిన వాము గుప్పెడు, చిటికెడు పసుపు వేసి, మూత తీసి స్విచ్ వేశాను. తల మీద దుప్పటి కప్పితే పిల్ల భయపడుతుంది. అందుకని దూరంగా పెట్టాను, బండి మొత్తం ఆవిరి నిండనీ అనుకున్నాను. నిండింది. పొగమంచులో కూర్చున్నట్టే ఉంది. వాము వాసనకు నా ముక్కు కూడా తేటపడింది.

పిల్లకు మాత్రం తగ్గలేదు. దగ్గు దగ్గుకూ మధ్య గాలి పీల్చుకునేటప్పుడు కూతలాంటి చప్పుడు మొదలైంది. పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోతోంది. "హైస్, అమ్మమ్మా, హైస్" అని ఏడుస్తోంది. హైస్ అంటే వేడి అని నాకు తెలుసు, రోజూ అన్నం ముందు అనే మాటే. "వేడే మంచిది బిడ్డా, జర పీల్చు" అన్నాను. ఏడ్చిన కొద్దీ కూత పెరిగింది.

పైనుంచి విక్రాంత్ ఉలిక్కిపడి లేచాడు. ముఖం మీద నీళ్లు పడ్డాయట. దుప్పటంతా తడి. కిందికి దూకి ముందు పిల్లను చూశాడు, తర్వాత కుక్కర్‌ను చూశాడు, తర్వాత మీటర్‌ను చూశాడు. తొంభై నాలుగు. కుక్కర్ వైరు పీకేశాడు. ఈషా దిగి సహస్రను ఒళ్లోకి తీసుకుని వీపు చూసింది, పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా వాటి సందులు లోపలికి పోతున్నాయి. "విక్రాంత్, దీనికి ఊపిరి అందుతలేదు" అంది. ఆ మాటతో నా కోపం పోయి భయం పట్టుకుంది.

"ఆస్పత్రికి పోదాం. ముప్పై అయిదు కిలోమీటర్లు. కప్పు దింపుత" అన్నాడు విక్రాంత్. చొక్కా కూడా సరిగ్గా వేసుకోలేదు, కప్పుకు ఉన్న పట్టీని రెండు చేతులతో పట్టి లాగాడు. కప్పు సగం దాకా వచ్చి ఆగింది. మళ్లీ లాగాడు. గుడ్డ లోపలికి మడత పడాలి, పడటం లేదు. రేకులా బిగుసుకుపోయింది. చేత్తో కొడితే టకటకమని చప్పుడు వస్తోంది. హీటర్ వేడికి కరిగిన చోట నీళ్లు కారుతున్నాయి, బయటి వైపు మంచు కట్టుకునే ఉంది. పట్టీకి మొత్తం వేలాడాడు. ఎక్కడో గుడ్డ చిరిగిన చప్పుడైంది. కప్పు మాత్రం బెత్తెడు ఎత్తులో నిలిచిపోయింది, గొళ్లెం అందడం లేదు. కప్పు అలా ఉండగా బండి తోలితే గాలికి లేచి విరిగిపోతుంది.

"జిప్ మొత్తం మూసి ఉంది. ఎవరు మూసిన్రు దీన్ని?" అని అరిచాడు. అతను అరవగా నేను వినడం అదే మొదటిసారి.

"నువ్వే మూసి మర్చిపోయుంటవ్!" అని ఈషా అంతకంటే గట్టిగా అరిచింది. "దినమంతా రూల్స్ చెప్పుడే! ఇగో, మీటర్ చూస్కుంట కూసో! నా బిడ్డ ఇట్లైతుంటే బండి కదలదా?"

నేనే మూశానని అప్పుడే చెప్పాలి. నోరు పెగల్లేదు. భయం అని ఇప్పుడు చెప్పుకోవచ్చు కానీ, భయం సగమే. మిగతా సగం సిగ్గు. అల్లుడి ముందు తప్పు ఒప్పుకోవడానికి ఆ నిమిషంలో కూడా నా నాలుక తిరగలేదు. విక్రాంత్ ఫోన్ తీసి అంబులెన్స్‌కు నూటపన్నెండు కొట్టి, జర్మన్ ఈషాకు బాగా వచ్చని ఆమె చేతికిచ్చి, పిల్లను తను ఎత్తుకున్నాడు.

ఈషా గబగబా మాట్లాడింది. అవతలి మనిషి స్పీకర్‌లో నింపాదిగా మాట్లాడుతోంది. దారిలో మంచు తీస్తున్నారు, అంబులెన్స్ రావడానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుందని ఈషా మాకు చెప్పింది. ఇరవై అయిదు నిమిషాలు! సహస్ర తీసే ఒక్కొక్క ఊపిరి కోసం మేం ముగ్గురం చూస్తున్నాం, తర్వాతిది వస్తుందో రాదో అని. అంతలో ఆ ఫోన్‌లో మనిషి ఒకే మాట రెండు మూడు సార్లు అంది. కాల్టె లుఫ్ట్. కాల్టె లుఫ్ట్. ఈషా ఫోన్ చెవికి దూరంగా పెట్టి, నమ్మలేనట్టు చూసింది.

"బయటికి తీస్కపొమ్మంటుంది. చల్లగాలి తగలాలె అంటుంది. చల్లగాలికి గొంతు వాపు తగ్గుతదట."

"ఏంది?" అన్నాను. నాకు పూనకం వచ్చినట్టయింది. విక్రాంత్ చేతుల్లోంచి పిల్లను లాక్కుని తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. "మైనస్ పదిల జలుబు పిల్లను బయటికా? ఆమెకేం పోయింది, ఫోన్ల చెప్తది! చలిగాలి పెడితే పిల్ల దక్కదు. నేను తియ్యనియ్య!"

"అత్తమ్మా, తలుపు తియ్యుండ్రి."

"తియ్య!"

"అమ్మా, వాళ్లు డాక్టర్లతో పనిచేసేటోళ్లే! తియ్యే!" ఈషా ఏడుస్తోంది. ఫోన్‌లో ఆ మనిషి ఇంకా అంటోంది, లుఫ్ట్, లుఫ్ట్.

"లుఫ్ట్ అంటే ఏందే?" అని అరిచాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"గాలమ్మా! గాలి! గాలి గావాలె దానికి!"

ఆ క్షణాన పై నుంచి ఒక నీటిబొట్టు సహస్ర నుదుటి మీద పడింది. చల్లగా ఉందేమో, పిల్ల ఉలిక్కిపడింది. తల పైకెత్తి చూశాను. కప్పు లోపలంతా బొట్లు వరసగా వేలాడుతున్నాయి. ఆ వరస నాకు కొత్త కాదు. ఇరవై ఎనిమిదేళ్లు రోజూ చూశాను, ఇడ్లీ పాత్ర మూత లోపలి వైపు. ఆ నీళ్లు కారితే పై ప్లేటు ఇడ్లీలు ముద్దయిపోతాయి. అందుకని మూత కింద గుడ్డ కట్టేదాన్ని. గుడ్డ లేని రోజు మూతను ఒక పక్కన సందు ఉంచి పెట్టేదాన్ని. నా దగ్గర పనిచేసిన మంగకు ఎన్నిసార్లు చెప్పాను, మొత్తం మూయకే, సందు పెట్టు, లోపలి ఆవిరి బయటికి పోకపోతే సరుకు పాడైతది అని. ఇడ్లీకి తెలిసిన సంగతి నా మనవరాలి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. ఈ బండిని పాత్ర చేసి, అన్ని సందులూ మూసి, పిల్లను లోపల పెట్టి ఉడకబెడుతున్నాను.

వెనక్కి తిరిగి తలుపు పిడి లాగాను. అది కూడా మంచుకు బిగుసుకుంది. భుజంతో గుద్దాను, ఈడ్చుకుంటూ తెరుచుకుంది. విక్రాంత్ దుప్పటి తెచ్చి సహస్ర చుట్టూ కప్పాడు, తలకు టోపీ పెట్టాడు. ముఖం మాత్రం వదిలేశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా సాక్సులతోనే మంచులో దిగాను. చలి నా చెవుల్ని కోసేసింది. పిల్ల ముఖాన్ని చెరువు వైపు, గాలి వచ్చే వైపు తిప్పి పట్టుకున్నాను. ఇన్నేళ్ల నా బుద్ధి మొత్తం లోపలికి పో, లోపలికి పో అని గోల పెడుతోంది.

"పీల్చు బిడ్డా. చల్లది పీల్చు."

మొదట మార్పేమీ లేదు. కూత, దగ్గు, మళ్లీ కూత. ఇంకా చీకటి పోలేదు, దూరంగా చెరువు అవతల కొండ అంచు మాత్రం కాస్త తెల్లబడుతోంది. ఈషా పక్కన నిలబడి ఫోన్‌లో ఊపిరి లెక్క చెబుతోంది. పిల్లను ఏడిపించకండి, ఏడిస్తే గొంతు ఇంకా బిగుస్తుంది అని అవతలి మనిషి చెప్పిందట. నాకు వచ్చిన పాటలన్నీ మర్చిపోయాను. అందుకని టిఫిన్ సెంటర్‌లో ఆర్డర్లు చెప్పినట్టు చెప్పాను, చెవిలో, మెల్లగా. నాలుగు ఇడ్లీ, ఒక వడ, చట్నీ ఎక్కువ. రెండు ఇడ్లీ, సాంబార్ వేరే. సహస్రకు ఆ ఆట ఇష్టం, ఇంట్లో రోజూ ఆడేవాళ్లం. ఏడుపు ఆపి నా నోటి వైపు చూసింది.

అయిదు నిమిషాలకు కూత కొంచెం సన్నబడింది. నా భ్రమేమో అనుకున్నాను. పది నిమిషాలకు గొంతు కింద గుంట లోపలికి పోవడం తగ్గింది. విక్రాంత్ ఫోన్ టార్చి వేసి చూశాడు. "తగ్గుతుంది" అన్నాడు. ఇంకాసేపటికి సహస్ర నా భుజం మీద తల వాల్చి, "వడ లేదు, అయిపోయింది" అంది, కప్ప గొంతుతో. ఆటలో ఎప్పుడూ ఆమె చెప్పే మాటే అది. పిల్లతో సహా మంచులో కూర్చుండిపోయాను.

అంబులెన్స్ వచ్చేసరికి ఆరున్నర అయింది. దిగిన అమ్మాయి పిల్ల ముక్కుకు మాస్కు పెట్టింది. అందులోంచి పొగలాంటిది వస్తుంటే నేను గాభరా పడ్డాను. అది ఆవిరి కాదు, మందు, చల్లగానే ఉంటుందని విక్రాంత్ చెప్పాడు. ఆ అమ్మాయి నా తడి సాక్సుల వైపు చూసి, ఈషాతో ఏదో అని, నా భుజం తట్టింది. "బయటికి తెచ్చింది అమ్మమ్మేనా, మంచి పని చేసింది అంటుందమ్మా" అంది ఈషా. ఆ మెచ్చుకోలు నా మొహం మీద కొట్టినట్టే ఉంది. అంబులెన్స్‌లో ఒక్కరికే చోటుంది. ఈషా ఎక్కింది. ఎక్కబోతూ విక్రాంత్ వైపు చూసి, "మంచిగ ఆరబెట్టుకొని రా నీ బండిని" అంది. తలుపు మూసుకుంది.

నేను బండి వైపు పరుగెత్తినట్టే నడిచాను. అల్లుడు చూసేలోపు రంధ్రంలోంచి శాలువ తీసేయాలి. వంగి చూశాను. రంధ్రం ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగితే విక్రాంత్ నిలబడి ఉన్నాడు. అతని జాకెట్ జేబులోంచి ఆకుపచ్చ కుచ్చు బయటికి వేలాడుతోంది, మంచు కట్టి. ఎప్పుడు తీశాడో. ఈషా కంట పడకుండా జేబులో కుక్కుకున్నాడు, ఆ తిట్లన్నీ పడుతూ.

"బాబూ, ఆ శాలువ..."

"తడిసింది అత్తమ్మా. ఆరేసుకోవాలె."

"అన్నీ నేనే మూసిన. జిప్ గూడ నేనే."

"ఎరుకే."

"మరి అది మిమ్ములను అంటుంటే ఎందుకు ఊకున్నరు?"

"అప్పుడు పిల్ల ఊపిరి ముఖ్యం. ఎవరు మూసిన్రు అనేది తర్వాత సంగతి." అతను నా కళ్లలోకి చూడకుండా మాట్లాడుతున్నాడు. "ఈషాకు చెప్పకుండ్రి. మీరు ఇంకో ఇరవై రోజులే ఉంటరు. మీ ఇద్దరి నడుమ గిది ఎందుకు?"

తిట్టి ఉంటే బాగుండేది. అల్లుడు తిట్టాడని పది రోజులు అలిగి నా బరువు దించుకునేదాన్ని. ఆ మంచితనం మోయడం నా వల్ల కాలేదు. ఏడుపొచ్చింది, ఏడిచాను. అతను ఒక తుడిచే గుడ్డ నా చేతిలో పెట్టాడు.

ఇద్దరం పనిలో పడ్డాం. ఎలా చేయాలో అతనికి తెలుసు, నాకూ తెలుసు, ఆ మాట ఒప్పుకోవడమే ఆలస్యమైంది. హీటర్ పూర్తిగా పెంచాడు. జిప్‌లన్నీ, అద్దాలన్నీ తెరిచాం. మంచు కరిగి నీళ్లు కారుతుంటే పై నుంచి కిందికి తుడుచుకుంటూ వచ్చి, గుడ్డను బయట పిండాం. మళ్లీ తుడిచాం. తడి దుప్పట్లు బయటికి విసిరేశాం. మధ్యలో ఈషా ఫోన్ చేసింది, పిల్ల నిద్రపోయింది, ప్రమాదం లేదంది. విక్రాంత్ సీటు మీద కూర్చుని మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. నేను తుడవడం ఆపలేదు. మీటర్ ఎనభై, డెబ్బై, అరవై అయిదు అని దిగుతూ వచ్చింది. తొమ్మిదింటికి గుడ్డ చిరిగిన చోట కాస్త ముడుచుకున్నా కప్పు దిగింది, గొళ్లెం పడింది.

ఆస్పత్రిలో సహస్ర ఎత్తు దిండు మీద పడుకుని ఉంది, బుగ్గలు ఎర్రగా. డాక్టర్ చెప్పినదంతా ఈషా మాకు చెప్పింది. ఏదో వైరస్ వల్ల గొంతు లోపల వాచిందట, ఈ వయసు పిల్లలకు ఇక్కడ చలికాలంలో మామూలేనట. ఆవిరి వల్ల రాలేదు, ఆవిరితో తగ్గేది కూడా కాదట. విక్రాంత్ నా వైపు చూశాడు, చాలు, ఇక వదిలేయండి అన్నట్టు. ఈషా అతనితో ముభావంగానే ఉంది. చాయ్ తెస్తానని అతను బయటికి వెళ్లాడు.

"ఈషా" అన్నాను. "ఆ కిటికీలు మూసింది మీ ఆయన గాదు. నేను. రాత్రి మీరు పండుకున్నంక అన్ని మూసిన, శాలువ గూడ కుక్కిన. కప్పు దిగకపోయింది నా వల్లనే. నువ్వు ఆయనను అంటుంటే విని గూడ నేను చెప్పలే."

నా కూతురు నన్ను చాలాసేపు చూసింది. చిన్నప్పటి నుంచి నేనెరిగిన మొహమే కానీ, ఆ చూపు నేనెరగనిది. దాని కళ్లలో కోపం ఉంది, నిజమైన కోపం. నేను తల దించుకోలేదు, ఆ కోపం నాకు రావలసిందే. "దాని ప్రాణం పోయేది అమ్మా" అంది చివరికి, మెల్లగా. "ఔ" అన్నాను.

అప్పుడు సహస్ర నిద్రలో దగ్గింది. మొరిగినట్టు కాదు, మామూలు తడి దగ్గు. ఇద్దరం ఒకేసారి లేచాం. ఈషా చెయ్యి దుప్పటి మీదికి పోయింది, గొంతు దాకా లాగి కప్పడానికి. నా చెయ్యి కిటికీ పిడి మీదికి పోయింది. గది వేడిగా ఉంది, అద్దం మీద సన్నగా చెమ్మ పట్టి ఉంది. పిడి తిప్పి రెండు వేళ్ల సందు తెరిచాను. చల్లగాలి లోపలికి వచ్చింది. ఈషా నన్ను చూసింది, మూయమనలేదు.